ఇంటి క్యారేజీ, ముక్కు గొట్టం

గాజువాక నించి ఒక సోదరి ఇలా వ్రాశారు:

"మా మామగారిని ఐ.సి.యు.లో చేర్చి ఇవాళ్టికి నాలుగు రోజులు. ముక్కులో గొట్టం వేశారు. అడిగితే 'పెడుతున్నామమ్మా' అంటారు. గంటకి ఇంత అని బొట్టుబొట్టుగా పోసేది మనిషికి ఏ మూలకి వస్తుంది? ఇంట్లో జావ కాచి తీసుకువెళితే సిస్టరు గుమ్మం దగ్గరే తిప్పి పంపేసింది. జబ్బుతో కాకపోయినా ఆకలితో పోతారేమోనని మా అత్తగారు ఒకటే ఏడుపు. మేము గట్టిగా అడగవచ్చునా?"

అడగవచ్చును సోదరీ, తప్పకుండా అడగండి. అయితే అడిగే ముందు మీరు డాక్టరుగారికి చెప్పవలసిన మాట ఒకటి వుంది. ఆ మాట మీకు తప్ప మరొకరికి తెలియదు. దాని సంగతి తరువాత చెబుతాను, ముందు మీ అత్తగారి ఏడుపు సంగతి చూద్దాం.

మనవాళ్ళకి క్షేమం అడగటమంటే "భోజనమైందా?" అని అడగటమే గదా. అటువంటి వాళ్ళం, అద్దాల తలుపు అవతల మన మనిషి నోట మెతుకు లేకుండా పడివుంటే కాళ్ళూ చేతులూ ఆడకపోవటం సహజం. ఉక్కునగరంలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. ఆసుపత్రి వరండాల్లో స్టీలు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళని ఎందరినో చూశాను. ఫ్యాక్టరీ వూరు కాబట్టి అన్ని రాష్ట్రాలవాళ్ళూ వుంటారు. బెంగాలీ అమ్మగారు గాని, ఒరియా తాతగారు గాని, మన శ్రీకాకుళం అత్తగారు గాని, లోపలి నించి సిస్టరు వస్తే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏమైనా పెట్టారా?

ఈ విషయంలో మన ఇళ్ళలో ఎప్పుడూ రెండు పార్టీలు. "లంఖణం పరమౌషధం" అనే తాతగారిది ఒకటి. "కడుపులో నాలుగు మెతుకులు పడితేనే గదా మందు పనిచేసేది" అనే బామ్మగారిది రెండోది. పెద్ద పెద్ద వైద్యులు కూడా ఈ నూరేళ్ళలో ఒకసారి తాతగారి పక్షమూ, ఒకసారి బామ్మగారి పక్షమూ మాట్లాడారంటే మీరు నమ్ముతారా?

1930 ప్రాంతాల్లో గ్లాస్గో నగరంలో డేవిడ్ కథ్‌బర్ట్‌సన్ అనే ఆయన, కాలు విరిగి మంచాన పడ్డవాళ్ళ మూత్రాన్ని రోజూ పరీక్షించి ఒక సంగతి కనిపెట్టాడు. విరిగింది ఒక్క కాలే అయినా, కరిగిపోతున్నది ఒళ్ళంతటి కండ! అయినా చాలాకాలం వరకు ఆపరేషను అయినవాళ్ళకీ, స్మారకం లేనివాళ్ళకీ ఉప్పునీళ్ళూ గ్లూకోజూ ఎక్కించి ఊరుకునేవారు. 1960ల్లో తిరిగింది కథ. స్వీడన్ దేశంలో ఆర్విడ్ వ్రెట్లిండ్ అనే శాస్త్రవేత్త సోయా నూనెను రక్తంలోకి ఎక్కించగలిగేటట్లు పాలలా తయారుచేశాడు. ఆ దశాబ్దం చివర ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ అనే యువ సర్జను, నోటికి ఏమీ అందించకుండా పెద్ద రక్తనాళం ద్వారానే సమస్తమూ ఎక్కించి కుక్కపిల్లల్ని పెంచి చూపించాడు. 1967లో, పేగులు సరిగా ఏర్పడకుండా పుట్టిన ఒక పసిపాపకు అదే పద్ధతిలో ఆహారమిచ్చి ఎదిగేటట్లు చేశారు. ఇక అక్కడినించి బామ్మగారి పార్టీదే రాజ్యం. ఆ చికిత్సకి వాళ్ళు పెట్టుకున్న పేరే "అధికాహారం" అనే అర్థం వచ్చేది. ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదని పోటీలుపడి ఎక్కించారు. రక్తంలో చక్కెర పెరిగింది, కాలేయానికి కొవ్వు పట్టింది, సూదిపెట్టిన చోటినించి చీము జ్వరాలు వచ్చాయి.

2011లో బెల్జియం వైద్యులు 4,640 మంది రోగులను రెండు జట్లుగా చేసి చూశారు. గొట్టం ద్వారా చాలినంత పోయటానికి వీలుకానప్పుడు ఆ లోటును రక్తనాళం ద్వారా వెంటనే పూడ్చింది ఒక జట్టుకి. వారం రోజులు ఆగి పూడ్చింది రెండో జట్టుకి. ఆగినవాళ్ళే త్వరగా కోలుకున్నారు, వాళ్ళకే ఇన్‌ఫెక్షన్లు తక్కువ. 2023లో ఫ్రాన్సులో వెంటిలేటరు మీద వున్న మూడు వేలమందిలో కొందరికి మొదటివారం పూర్తి ఆహారం, మరికొందరికి అందులో నాలుగో వంతు క్యాలరీలే ఇచ్చి చూశారు. బ్రతికినవారి లెక్కలో తేడా రాలేదు. కాని తక్కువ పెట్టినవాళ్ళే ఐ.సి.యు. నించి త్వరగా బయటపడ్డారు.

ఇదేమి చోద్యం అనిపిస్తుంది. కారణం ఇది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం మనం పెట్టేదానికోసం చూడదు. తన కండను తానే కరిగించుకుని చక్కెర చేసుకుంటుంది. పైనించి ఎంత పోసినా ఆ మొదటి రోజుల్లో ఆ కరుగుడు ఆగదు. పోసింది అదనపు బరువవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీద విరుచుకుపడినప్పుడు, గాలి ఆగకముందే తాపీమేస్త్రీని పిలిచి గోడ కట్టించుకున్నవాళ్ళు లేరు గదా.

అలాగని తాతగారు గెలిచారని కాదు. 2013లో లండన్ వైద్యులు ఐ.సి.యు. రోగుల తొడ కండరాన్ని స్కాను చేసి కొలిచారు. పది రోజుల్లో ఆరో వంతుకి పైగా తగ్గిపోయింది! ఆరోగ్యంగా బయటికి వచ్చాక కూడా మెట్లెక్కలేకపోవటం, బనీను చేతులు తొడుక్కోలేకపోవటం ఇందుకే. కాబట్టి పస్తు పెట్టటమూ తప్పే. ఇప్పటి పద్ధతి ఏమిటంటే, రక్తపోటు నిలకడకి వచ్చి పేగులు కదులుతూ వుంటే మొదటి 24 నించి 48 గంటల్లోపే గొట్టం ద్వారా కొంచెంగా మొదలుపెడతారు. మూడు నాలుగు రోజులనించి వారం లోపల పూర్తి మోతాదుకి తీసుకువెళతారు. పూర్తి మోతాదంటే శరీరం బరువులో కిలోకి సుమారు 25 క్యాలరీలు, మాంసకృత్తులు గ్రాము పావునించి గ్రామున్నర దాకా. రక్తనాళం కంటే కడుపే మేలంటారు, ఎందుకంటే తోడని బావి పూడినట్టు పనిలేని పేగు పాడవుతుంది. రక్తపోటు బాగా పడిపోయి మందులమీద మందులు పెంచుతున్నప్పుడు మాత్రం పేగుకే రక్తం చాలదు. అప్పుడు ఆగుతారు. మీ మామగారికి మొదటి రోజున పెట్టలేదంటే కారణం అదే కావచ్చును, అడిగి తెలుసుకోండి.

ఒళ్ళు కాలినవాళ్ళ లెక్క వేరు. ఉక్కు కర్మాగారం వున్న వూళ్ళో ఈ మాట చెప్పకుండా ఎలా? కాలిన చర్మంలోంచి నీరూ వేడీ మాంసకృత్తులూ కారిపోతూనే వుంటాయి. వాళ్ళకి మొదటి 12 గంటల్లోపే గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టాలంటారు, మాంసకృత్తులు మామూలు రోగికంటే ఎక్కువ ఇస్తారు.

ఇక మీ జావ సంగతి. మా ఉత్తరాంధ్ర ఇళ్ళలో జావంటే చోడి అంబలే. దానిమీద నాకు ఎంత అభిమానమో ఈ పేజీ చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. కాని లెక్క లెక్కే. లీటరు ఫ్లాస్కు నిండా పలచని అంబలికి మనం వేసే పిండి 70 గ్రాములనుకోండి. అందులో సుమారు 225 క్యాలరీలు, 5 గ్రాముల మాంసకృత్తులు. మీ మామగారు 60 కిలోల మనిషైతే ఆయనకి రోజుకి కావలసింది 1,500 క్యాలరీలు, 75 గ్రాముల మాంసకృత్తులు. అంటే మాంసకృత్తుల కోసం 15 ఫ్లాస్కుల అంబలి! ఆ సన్నని గొట్టంలో అది దిగదు, దిగినా మధ్యలో గడ్డకట్టి గొట్టం పూడుతుంది. పైగా వంటింటినించి బస్సులో, ఆటోలో ఎండన పడి వచ్చేసరికి అందులో ఎన్ని క్రిములు పెరిగాయో ఎవరు చూశారు? మనకైతే ఒక పూట విరేచనమై పోతుంది. వెంటిలేటరు మీదివాళ్ళకి అదే ప్రాణాంతకం. అందుకే మన దేశపు ఐ.సి.యు. వైద్యుల సంఘం కూడా వంటింట్లో రుబ్బిన ఆహారంకంటే డబ్బాలో కొలత కట్టి వచ్చేదే మేలని చెప్పింది. ఆ డబ్బా ఖరీదు మధ్యతరగతివాళ్ళకి బరువే, కాదనను. అది మోయలేనివాళ్ళు దాచుకోకుండా డైటీషియన్‌తో చెప్పండి. ఆసుపత్రి వంటశాలలోనే శుభ్రంగా, లెక్కప్రకారం చేయించగల చోట్లు వున్నాయి.

"జావ లేకపోతేనేం, గ్లూకోజు ఎక్కిస్తున్నారుగా, బలం వస్తుంది" అనుకునేవాళ్ళూ వున్నారు. అర లీటరు గ్లూకోజు సీసాలో వుండేది 25 గ్రాముల చక్కెర, సుమారు 85 క్యాలరీలు. రెండు చిన్న ఇడ్లీల పాటి. ఉత్త సెలైనులో అదీ లేదు, ఉప్పునీళ్ళే. అది దాహానికీ రక్తపోటుకీగాని ఆకలికి కాదు. మరొక వింత చూశారా, కొందరికి నిద్రపుచ్చటానికి పాలలా తెల్లని మత్తుమందు ఎక్కిస్తారు. ఆ తెలుపంతా నూనే. మిల్లీలీటరుకి ఒక క్యాలరీ పైచిలుకు అందులోంచే వస్తుంది. తెలిసిన డైటీషియన్ దాన్ని కూడా పద్దులో వ్రాసి, ఆ మేరకు గొట్టం ఆహారం తగ్గిస్తుంది. "నిన్నటికంటే ఇవాళ తగ్గించారేమిటి?" అని పోట్లాడే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు చెప్పవలసిన ఆ ఒక్క మాట. మా క్వార్టరు వరసలోనే ఒక పిన్నిగారు వుండేవారు. డెబ్భై దాటిన మనిషి, 45 కిలోలకి మించరు. న్యుమోనియా వచ్చి ఐ.సి.యు.లో చేర్చారు. కొడుకు విదేశంనించి రెక్కలు కట్టుకుని వచ్చి వాలాడు. డాక్టరు అడిగినవన్నీ చెప్పాడు: సుగరు వుంది, బి.పి. వుంది, ఫలానా మాత్రలు వాడుతున్నారు. గొట్టం ద్వారా ఆహారం మొదలైంది. సాయంత్రం ఇంటి తాళాలు ఇవ్వటానికి వచ్చిన వంటమనిషి, వరండాలో నా పక్కన కూలబడి అన్నది కదా: "పదేను దినాలై అమ్మగోరు అన్నం ముట్టనేదమ్మా. పళ్ళసెట్టు వొదులైపోనాదని మజ్జిగ్తేటే తాగతన్నారు. బాబుకి సెప్పొద్దన్నారు."

నేను ఆమెని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, డాక్టరుగారి ఎదుట నిలబెట్టి అదే మాట మళ్ళీ చెప్పించాను. ఆయన వెంటనే ఆహారం రేటు సగానికి పైగా తగ్గించి, బి-1 విటమిన్ ఇంజెక్షను ఇప్పించి, రక్తంలో భాస్వరం పరీక్షకి పంపారు. మర్నాటి రిపోర్టులో భాస్వరం బాగా పడిపోయి వున్నది.

భాస్వరమేమిటి, అన్నమేమిటి? అనేక రోజులు పస్తున్న శరీరం, వున్న భాస్వరాన్నీ పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ గుట్టుగా ఖర్చుపెట్టుకుంటూ బ్రతుకుతుంది. అటువంటి శరీరంలోకి ఒక్కసారి పిండిపదార్థం పోస్తే ఇన్సులిన్ పైకి లేస్తుంది. తిన్నది శక్తిగా మారటానికి కణాలు రక్తంలోని భాస్వరాన్నంతా లాగేసుకుంటాయి. రక్తం ఖాళీ అవుతుంది. గుండె, ఊపిరి ఆడించే కండరాలు ఆ శక్తి లేక డీలా పడతాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఖైదునించి విడిపించిన బక్కచిక్కిన మనుషుల్లో కొందరు, కడుపునిండా భోజనం దొరికిన తరువాత పోయారు. పస్తు చంపనివాళ్ళని విందు చంపింది.

ఈ భాస్వరాన్ని రక్తంలో కొలవటం నేర్పిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతిలో, మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే భాస్వరం వున్నమేరకు నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరమెంతో చెబుతారు. ఆ పరీక్ష పట్టుకునే వాళ్ళు కండరంలో శక్తిని మోసే భాస్వర పదార్థాలని కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో కెక్కింది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బుకి ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఈనాటి యంత్రాల్లో పద్ధతి రూపు మారినా చాలాచోట్ల మాలిబ్డేట్ మాత్రం అదే. పిన్నిగారి రిపోర్టు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వచ్చారు.

బి-1 విటమిన్ ఎందుకంటే, చక్కెర కాలటానికి అది కావాలి. అది నిండుకున్న శరీరానికి గ్లూకోజు ఇస్తే మెదడుకీ గుండెకీ ముప్పు. ఆ లోపంతో వచ్చే బెరిబెరికి మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు పేరుపడ్డవి. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో దానిమీద పుస్తకం వేశాడు. మరపట్టిన తెల్లని బియ్యంలో ఆ విటమిన్ పోతుందని తరువాత తెలిసింది.

మావారు ఫర్నేసు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు. ఇదంతా విని, "ఇందులో వింతేముంది? చల్లారిన ఫర్నేసుని మళ్ళీ రాజేసేటప్పుడు మేమూ అంతే. మొదటిరోజే పూర్తి గాలి, పూర్తి సరుకు ఇస్తే కొంప మునుగుతుంది" అన్నారు. మన ఫ్యాక్టరీలో మూడో ఫర్నేసుకి అన్నపూర్ణ అని పేరు పెట్టారు. ఆ అన్నపూర్ణకి కూడా కోకూ ఖనిజమూ కొలిచే వేస్తారు. పిన్నిగారికి పూర్తి మోతాదు 1,125 క్యాలరీలైతే, 450తో మొదలుపెట్టి, రోజూ రక్తపరీక్ష చూసుకుంటూ వారానికి పూర్తికి తెచ్చారు. భాస్వరం సెలైనులో విడిగా ఎక్కించారు. ఆవిడ ఇల్లు చేరారు.

కనుక సోదరీ, రేపు డాక్టరుగారు రౌండ్సుకి వచ్చినప్పుడు మీ మామగారు ఆసుపత్రికి రాకముందు ఎన్నాళ్ళుగా సరిగా తినటంలేదో చెప్పండి. ఐదు రోజులు దాటితే అది చిన్న విషయం కాదు. ఈ ఆరు నెలల్లో చిక్కారా? కాటా లేకపోయినా, వాచీ చేతిమీద జారుతోందా, పంచె ముడి బిగించవలసి వచ్చిందా అన్నది మీ అత్తగారికి తెలుస్తుంది. తాగే అలవాటుంటే పరువుకి పోయి దాచకండి, బి-1 విటమిన్ ముందు నిండుకునేది అటువంటివారికే. శనివారాలూ ఏకాదశులూ ఉపవాసాలుంటారా, పళ్ళు వున్నాయా, మింగటం కష్టంగా వుండేదా, ఇవన్నీ చెప్పండి. వంటింట్లో వున్నవాళ్ళని అడిగి చెప్పండి. కొడుకుల కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఆ తరువాత, ఆయనకి రోజుకి ఎంత నిర్ణయించారు, నిన్న నిజంగా ఎంత లోపలికి వెళ్ళింది అని అడగండి. స్కానుకి తీసుకువెళ్ళినప్పుడూ, ప్రొసీజరున్నప్పుడూ ఆహారం ఆపుతారు. మళ్ళీ మొదలుపెట్టటం మరిచిపోతే నిర్ణయించిందానికీ వెళ్ళినదానికీ చాలా దూరం వస్తుంది. మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోడు.

ఒకటి మాత్రం చేయవద్దు. సిస్టరు అటు తిరగగానే చెంచాడు తీర్థమో కొబ్బరినీళ్ళో నోట్లో పోసేవాళ్ళున్నారు. మత్తులో వున్నవాళ్ళకి అది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రపిండాలు చెడినవాళ్ళకి కొబ్బరినీళ్ళలోని పొటాషియం గుండెకే చేటు. తృప్తికోసమైతే సిస్టరునడిగి దూది తడిపి పెదవులు తుడవండి. మంచం తలవైపు ఎప్పుడూ ఎత్తి వుంచుతారు, 30 నించి 45 డిగ్రీలు. కష్టంగా వుందేమోనని మీరు దింపకండి, పోసింది గొంతులోకి ఎగదన్నకుండా అలా వుంచుతారు.

వెంటిలేటరు గొట్టం తీసేశాక కొన్నాళ్ళు గొంతు సరిగా మింగదు. మింగగలరో లేదో పరీక్షించిన తరువాతే నోటితో పెట్టాలి. ఆ రోజుల్లో చాలామందికి పలచని నీళ్ళు పొరమారతాయి, చిక్కనిది మెల్లగా దిగుతుంది. అప్పుడు తెప్పించండి మీ ఫ్లాస్కు. డాక్టరు సరేనన్నాక, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో జారేటంత చిక్కగా, పెరుగు కలిపి, కొంచెం కొంచెంగా పెట్టండి. ఒక చెంచా మింగారని చూసుకున్నాకే రెండోది. గుడ్డు తినేవాళ్ళయితే ఉడకబెట్టి మెత్తగా చేసి రోజుకి రెండు, తినకపోతే ముద్దపప్పు, పెరుగు, పనీరు ఏదో ఒకటి పూటపూటకీ వుండాలి. కరిగిన కండ తిరిగి రావటానికి నెలలు పడుతుంది. తిన్నదానితోపాటు రోజూ నాలుగడుగులు కూడా వేయించాలి సుమండీ.